సాఫ్ట్ స్కిల్స్ క్లాసు కాలువ గట్టు మీద పెట్టండి

ప్రశ్న: "కర్నూలులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ విభాగంలో పాఠాలు చెబుతున్నాను. ఫైనలియర్ పిల్లలకు నీటి వనరుల సబ్జెక్టు నాది. వీళ్లలో చాలామంది ఏఈఈలు (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్లు)గానో, సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లుగానో, తాగునీటి పథకాల్లోనో చేరాలనుకుంటున్నారు. వాళ్లకు సాఫ్ట్ స్కిల్స్ కూడా నేర్పమని ప్రిన్సిపాల్ గారు వారానికి ఒక గంట ఇచ్చారు. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి, మార్కులు ఎలా వేయాలి?"

మేడమ్, ఆ గంట వదులుకోకండి. కానీ దాన్ని విడిగా పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులా మాత్రం నడపకండి. షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలి, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, గ్రూప్ డిస్కషన్‌లో ఎలా నెగ్గాలి అని చెప్పే క్లాసులు మన పిల్లలు ఇప్పటికే చాలా విన్నారు. ఉద్యోగం రావడానికి అవి కొంత పనికొస్తాయేమో. ఉద్యోగం వచ్చాక, కాలువకు నీళ్లు వదిలి పది రోజులైనా తమ పొలానికి చుక్క రాలేదని చివరి ఆయకట్టు రైతులు సెక్షన్ ఆఫీసు ముందుకొచ్చి నిలబడినప్పుడు అవి అక్కరకు రావు. నేను జలవనరుల శాఖలో చాలా ఏళ్లు పనిచేశాను, ఆ తర్వాత కొత్తగా చేరిన ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే పనీ చేశాను. అక్కడ నాకు కుదిరిన అభిప్రాయం ఒక్కటే: వినడం, నచ్చజెప్పడం, కలిసి పనిచేయడం, కాదని చెప్పగలగడం, ఇవన్నీ నీటి లెక్కలతో కలిపి నేర్పితేనే ఒంటబడతాయి. మీ సబ్జెక్టులో ప్రతి యూనిట్‌కూ ఒక మనిషిని జతచేయండి. కాలువ డిశ్చార్జి చెప్పే రోజు కాలువ షట్టర్లు చూసుకునే లస్కర్‌ను, భూగర్భజలాల రోజు బోరు ఎండిన రైతును, నీటి శుద్ధి రోజు పంచాయతీ పంపు ఆపరేటర్‌ను.

ఇది మన రాయలసీమలో ఎందుకింత అవసరమో పిల్లలకు మొదటి క్లాసులోనే చెప్పండి. అనంతపురంలో ఏడాదికి కురిసేది సగటున 550 మి.మీ. చుట్టుపక్కల. కాలువల్లో వచ్చే నీళ్లు కర్ణాటకలో ఎంత పడింది, శ్రీశైలంలో ఎంత నిలిచింది అన్నదాన్ని బట్టి ఉంటాయి. పుష్కలంగా నీళ్లున్న చోట షట్టరు ఎత్తితే పని అయిపోతుంది. మన దగ్గర చాలని నీళ్లను పంచాలి. అంటే ఎవరికో తక్కువ వస్తుందని ముందే తెలిసి, వాళ్ల ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పాలి. కేసీ (కర్నూలు-కడప) కాలువ సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా సుమారు 300 కి.మీ. పారుతుంది. 1860ల్లో ఒక ప్రైవేటు కంపెనీ సాగుకూ పడవలకూ కలిపి తవ్వించి, గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వానికి అప్పగించిన కాలువ అది. అంత పొడవునా ఎగువ రైతుకూ దిగువ రైతుకూ ఒకే ఏడాది ఒకేలా ఉండదు. ఆ తేడా మధ్యలో నిలబడేది మీ దగ్గర చదివి వెళ్లిన పిల్లాడో, పిల్లో.

ఇక పని దగ్గరికి వద్దాం. మొదటి అభ్యాసం సులువైనది. లెక్కను రైతు అడిగే ప్రశ్నకు జవాబుగా మార్చడం. మన పిల్లలకు క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు అని, సుమారు 28.3 లీటర్లని తెలుసు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ అని కూడా లెక్క కట్టగలరు. గట్టు మీద రైతు అడిగేది అది కాదు. "సార్, మా తూముకు ఎప్పుడొస్తాయి, ఎన్ని రోజులుంటాయి, నా మిరప తడుస్తుందా?" అని అడుగుతాడు. అందుకని ఇలా చేయించండి. ఒక క్యూసెక్కు ఇరవై నాలుగు గంటలు పారితే దాదాపు రెండు ఎకరాల అడుగులు, అంటే రెండెకరాల్లో అడుగు లోతు నిలిచేన్ని నీళ్లు. రెండున్నర అంగుళాల తడి ఇవ్వాలంటే తొమ్మిది ఎకరాల దాకా వస్తుంది. పిల్ల కాలువలో ఇంకిపోయేది తీసేస్తే ఇంకా తగ్గుతుంది. ఈ లెక్కను బోర్డు మీద వేయించి, వెంటనే అదే విద్యార్థితో తెలుగులో, ఎదురుగా ఒక రైతు ఉన్నట్టు చెప్పించండి. లెక్క చకచకా చేసినవాడు ఇక్కడ తడబడతాడు. ఆ తడబాటును చూసి క్లాసు నవ్వకుండా చూడటం మీ బాధ్యత, ఎందుకంటే నేర్చుకోవడం అక్కడే మొదలవుతుంది.

తెలుగులోనే అన్నది గట్టిగా చెబుతున్నాను. కాలేజీల్లో సాఫ్ట్ స్కిల్స్ అంటే ఇంగ్లీషు మాట్లాడటం అనుకునే అలవాటు వల్ల మనకు చాలా నష్టం జరిగింది. చక్కటి తెలుగులో రైతుతో పది నిమిషాలు మాట్లాడగల కుర్రాడు ఇంగ్లీషు రాదని వెనక బెంచీలో కూర్చుంటున్నాడు. పై అధికారులకు నోటు రాయడానికి, రిపోర్టుకు ఇంగ్లీషు కావాలి, కాదనను. దానికి వేరే సమయం ఉంది. ఈ గంట మాత్రం తెలుగుకు వదలండి.

రెండోది వినడం. దీని మీద ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. కాలువ పరిశీలనకు వెళ్లేటప్పుడు చాలామంది ఇంజనీర్లు కాలువ మొదట్లో నీళ్లు వదిలే హెడ్ రెగ్యులేటర్ దగ్గర మొదలుపెట్టి కిందికి వస్తారు. సగం దూరంలో పొద్దుపోతుంది. చివరి తూము చూడకుండానే వెనక్కి తిరుగుతారు. నేను శిక్షణలో ఎప్పుడూ కింది నుంచి పైకి నడిపించేవాణ్ని. చివరి పొలం దగ్గర మొదలుపెడితే ప్రశ్నలే మారిపోతాయి. అక్కడ మొదట అడగాల్సింది "ఏం సమస్య?" అని కాదు. అలా అడిగితే పదిమంది ఒకేసారి మాట్లాడతారు, గొంతు పెద్దగా ఉన్నాయన మాట మాత్రమే మీ నోటుబుక్‌లోకి ఎక్కుతుంది. "పోయినసారి మీ పొలానికి నీళ్లు ఏ రోజు చేరాయి పెద్దాయనా? ఎన్ని గంటలు పారాయి? అప్పుడు పైన ఏ తూము మూసి ఉంది?" అని జరిగినదాని గురించి అడగాలి. జవాబు వినేదాకా ఆగాలి. విన్నది తిరిగి చెప్పాలి: "అంటే, మీకు శుక్రవారం రావాల్సింది ఆదివారం రాత్రి వచ్చింది, తెల్లారేసరికి ఆగిపోయింది, అంతేనా?" అని. ఆయన తలూపి "అంతే సార్" అన్నాక రాసుకోవాలి. ఇంతే. చూడ్డానికి చిన్న విషయం. కానీ ఇలా తిరిగి చెప్పిన ఇంజనీరు దగ్గర రైతు అరవడం తగ్గిస్తాడు. తన మాట చేరిందని అతనికి అర్థమవుతుంది.

లస్కర్‌తో విడిగా మాట్లాడటం కూడా నేర్పాలి. ఏ షట్టరు బిగుసుకుపోయింది, ఏ గండి దగ్గర ఇసుక బస్తాలు వేశారు, రాత్రిపూట ఏ తూము తెరుచుకుంటోంది, ఇవన్నీ అతనికి తెలుసు. రైతుల ముందు, డీఈ గారి ముందు అతను నోరు విప్పడు. అతని జీతం, అతని ఊరు, అతని బంధువులు అక్కడే. "అన్నా, ఒక్క పది నిమిషాలు అలా నడుద్దామా" అని పక్కకు తీసుకెళ్లి అడిగితే చెబుతాడు. చెప్పింది ఎవరు చెప్పారో బయటపెట్టకుండా ఉండటం కూడా ఈ పాఠంలో భాగమే. చెరువుల కింద పొలాలకు నీళ్లు పంచే నీరుగంటిగా పనిచేసిన కుటుంబాలవాళ్లు ఇప్పటికీ కొన్ని ఊళ్లలో ఉన్నారు, దొరికితే క్లాసుకు పిలవండి. ఏ పొలానికి ఎంతసేపు అన్న తీర్పు అందరిచేతా ఒప్పించడం వాళ్లకు తాతల నాటి నుంచి వచ్చిన విద్య.

ఈ సందర్భంలో కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం పిల్లలకు చూపించండి. 1369 నాటిది. మంచి చెరువు కట్టడానికి పన్నెండు సాధనాలు కావాలని అందులో లెక్కపెట్టారు. గట్టి నేల, నీళ్లిచ్చే నది, కొండలాంటి వాటితో పాటే జలశాస్త్రం తెలిసిన పండితుణ్ని, కట్టుబడిలో నేర్పున్న పనివాళ్ల బృందాన్ని కూడా చేర్చారు. మట్టి, రాయి, మనిషి అన్నీ ఒకే జాబితాలో ఉన్నాయి. మన సిలబస్‌లో మనుషుల వరుస జారిపోయింది. బయట కూడా నీటి విద్య చెప్పేవాళ్లు ఇదే దారికి వస్తున్నారు. నెదర్లాండ్స్‌లోని ఐహెచ్ఈ డెల్ఫ్ట్ లాంటి సంస్థల చర్చల్లో ‘టీ’ అక్షరం ఆకారపు నిపుణుడి గురించి చెబుతారు. నిలువు గీత తన సబ్జెక్టులో లోతు, అడ్డగీత ఇతర రంగాలవాళ్లతో, జనంతో కలిసి పనిచేసే శక్తి.

మూడోది రోల్ ప్లే. దీన్ని వేడుకగా చేసేస్తే ప్రయోజనం లేదు, కాబట్టి ఎలా చేయాలో కాస్త వివరంగా చెబుతాను. ఒక డిస్ట్రిబ్యూటరీని, అంటే పెద్ద కాలువ నుంచి చీలే పంపిణీ కాలువను, బోర్డు మీద గీయండి. దానికి రావాల్సింది 60 క్యూసెక్కులు, ఈ వారం వచ్చింది 42 అనుకోండి. పైన వరి వేసిన రైతులు, మధ్యలో పసుపు, చివర మిరప, పత్తి. సాగునీటి సంఘం అధ్యక్షుడు, ఏఈఈ, లస్కర్, వ్యవసాయ అధికారి. వీళ్లతో పాటు ఒక కౌలు రైతు పాత్ర తప్పనిసరిగా పెట్టండి. మన రాష్ట్రంలో 1997లో రైతుల సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం వచ్చింది, సంఘాలు ఏర్పడ్డాయి. కానీ ఓటు భూయజమానికీ, రికార్డుల్లో నమోదైన కౌలుదారుకీ ఉంటుంది. నోటిమాట మీద కౌలు చేసేవాడికి నీళ్ల అవసరం ఉంటుంది, ఓటు ఉండదు. ఆ పాత్ర వేసిన విద్యార్థి మీటింగ్‌లో ఎక్కడ నిలబడాలో తెలియక ఇబ్బంది పడతాడు. ఆ ఇబ్బందిని మిగతావాళ్లు కళ్లారా చూడాలి.

పాత్రల చీటీలు ఇచ్చి, వారబందీ (వంతులవారీగా నీళ్లు పంచుకునే) షెడ్యూలు తయారు చేసుకోమని ముప్పై నిమిషాలు ఇవ్వండి. సగంలో ఆపి పాత్రలు మార్చండి. పైన వరి రైతుగా గట్టిగా వాదించినవాడే ఇప్పుడు చివరి మిరప రైతు. మార్చిన తర్వాత గొంతులు ఎలా తగ్గుతాయో చూస్తారు. ఆట కంటే ఆట తర్వాత మాట్లాడుకోవడానికే ఎక్కువ సమయం ఉంచండి. ఎవరి మాట ఎవరు మధ్యలో తుంచారు, ఏఈఈ పాత్రవాడు ఇవ్వలేని హామీ ఏమైనా ఇచ్చాడా, 42ను పంచిన లెక్క మొత్తానికి సరిపోయిందా? చివరి ప్రశ్న మరవకండి. అందరూ సంతోషంగా ఒప్పుకున్న షెడ్యూలు కూడితే 55 వస్తే ఆ ఒప్పందం రెండో రోజే తెగిపోతుంది.

చేదు మాట చెప్పడం గురించి విడిగా రాయాలి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. 33 గేట్లలో ఒకటి. నిండుగా ఉన్న డ్యామ్ నుంచి నీళ్లు పోతుంటే హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) కింద అనంతపురం రైతులూ, కేసీ కాలువ రైతులూ ఎంత టెన్షన్ పడి ఉంటారో మనందరికీ తెలుసు. వారం రోజుల్లో గేటు స్థానంలో అడ్డుపలకలు (స్టాప్‌లాగ్‌లు) దించి ఆపగలిగారు. దీన్ని క్లాసులో ఇలా వాడండి: ఆ మర్నాడు పొద్దున నువ్వు హెచ్చెల్సీ మీద ఒక సెక్షన్‌లో ఏఈఈవి, గట్టు మీద నారు పోసుకున్న రైతులున్నారు, మూడు నిమిషాలు మాట్లాడు. చాలామంది "ఏం భయం లేదు, ప్రభుత్వం చూసుకుంటుంది" అని మొదలుపెడతారు. అక్కడే ఆపండి. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి ధైర్యం ఇవ్వకూడదు. ఈ రోజుకు తెలిసింది ఇది, తెలియనిది ఇది, ఎల్లుండి సాయంత్రం ఇక్కడికే వచ్చి మళ్లీ చెబుతాను, అప్పటిదాకా నారు విషయంలో మీరు చేయగలిగింది ఇది. ఈ వరుసలో చెప్పించండి. ఎల్లుండి కొత్త కబురు లేకపోయినా వెళ్లి "ఇంకా ఏమీ తేలలేదు" అని చెప్పి రావాలని కూడా చెప్పండి. రానివాడి మాట మళ్లీ ఎవరూ నమ్మరు.

హెచ్చరిక చెప్పడం దీనికంటే బరువైన పని. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లలో ప్రాణాలు పోయాయి. 2009 అక్టోబరులో కర్నూలు ఊరే మునిగింది, మీ విద్యార్థుల అమ్మానాన్నలకు అది కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది. ఆ రోజుల్లో ఎవరు తప్పు చేశారన్న చర్చ ఈ క్లాసుకు అవసరం లేదు. లక్ష క్యూసెక్కులు వస్తున్నాయంటే నది ఒడ్డున ఇల్లున్న మనిషికి ఏమీ అర్థం కాదన్నది మాత్రం పిల్లలకు ఎక్కాలి. నీళ్లు ఎక్కడిదాకా రావచ్చు, ఎన్ని గంటల్లో, ఏ దారిన ఎక్కడికి పోవాలి, పశువుల్ని ఏం చేయాలి? ఈ నాలుగింటికీ జవాబున్న నాలుగు వాక్యాలు రాయించండి. మైకులో చదివితే అర్థమయ్యేలా ఉందో లేదో బయట నిలబడి వినమనండి. ఇంటికెళ్లి 2009 గురించి పెద్దవాళ్లను అడిగి, ఏ మాట విని వాళ్లు ఇల్లు కదిలారో రాసుకురమ్మనండి. దానికంటే మంచి పాఠ్యపుస్తకం నాకు తెలియదు.

తాగునీటి వైపు వెళ్లే పిల్లలకు వేరే ఉదాహరణలు కావాలి. నీటి శుద్ధి యూనిట్‌లో కొస కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలని చెబుతాం. ఊళ్లో ఏం జరుగుతుంది? బ్లీచింగ్ వాసన వస్తోందని ఇద్దరు ముగ్గురు కేకలేస్తే పంపు ఆపరేటర్ మోతాదు తగ్గించేస్తాడు. అతనికి పాఠం తెలియక కాదు, రోజూ తిట్లు పడలేక. అక్కడికెళ్లిన ఇంజనీరు అతన్ని మందలిస్తే ఏమీ మారదు. కుళాయి దగ్గరే క్లోరోస్కోప్ గొట్టంలో నీళ్లు పట్టి, ద్రావణం చుక్కలు వేసి, పసుపు రంగు తిరగడం ఆ తిట్టినవాళ్లకే చూపించి, "ఈ రంగు లేకపోతే పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయమ్మా, బిందెలో పట్టి కాసేపు ఉంచితే వాసన తగ్గుతుంది" అని చెబితే ఆపరేటర్‌కు అండ దొరుకుతుంది. అలాగే ఫ్లోరైడ్. 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లను కాచి తాగితే సరిపోతుందని చాలా ఇళ్లలో నమ్మకం. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఈ ఒక్క విషయాన్ని ఒక తల్లికి, ఆమె ఇన్నాళ్లూ తప్పు చేసిందన్న బాధ కలగకుండా రెండు నిమిషాల్లో చెప్పగలిగితే ఆ విద్యార్థికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

జల్ జీవన్ మిషన్‌లో గ్రామ నీటి, పారిశుధ్య కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలన్నారు, ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్టు వాడటం నేర్పమన్నారు. కాగితం మీద అది నిండుతుంది. మీటింగ్ పగలు పదకొండుకు పెడితే వేరుశనగ కట్టె పీకడానికి పోయిన ఆడవాళ్లు ఎలా వస్తారు? రచ్చబండ దగ్గర పెడితే వచ్చినవాళ్లు వెనక నిలబడతారు. సాయంత్రం కుళాయి దగ్గర, బిందెలు వరసలో ఉన్నప్పుడు అడిగితే ఏ వీధికి ప్రెషర్ లేదో ఐదు నిమిషాల్లో తేలుతుంది. సమయం, చోటు ఎంచుకోవడం కూడా నైపుణ్యమేనని పిల్లలకు చెప్పండి.

భూగర్భజలాల గురించి క్లుప్తంగా. మన రాయలసీమ నాలుగు జిల్లాలతో కలిపి ఏడు జిల్లాల్లో, 2000ల మొదటి దశకంలో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) సాయంతో రైతులే భూగర్భజలాలను చూసుకునే ఏపీఫామ్స్ పథకం నడిచింది. వానమాపకం, బోరుబావుల్లో నీటిమట్టం రైతులే కొలిచి, రాసి, అందరూ కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేసుకునేవారు. ఎవరూ ఎవరికీ ఏ పంట వేయాలో ఆజ్ఞలివ్వలేదు. తన చేత్తో కొలిచిన అంకెతో మనిషి వాదించడు. బయటివాడు తెచ్చిన అంకెతో వాదిస్తాడు. మీ విద్యార్థులు ఒక ఊరిలో ఇలాంటి బడ్జెట్ వేయించే పని చేస్తే, మాట్లాడించడం అంటే ఏమిటో, తాము తగ్గి ఉండటం అంటే ఏమిటో రెండూ తెలుస్తాయి.

ఒక విషయం చాలామంది సాఫ్ట్ స్కిల్స్‌లో చేర్చరు, నేను చేరుస్తాను. అది కాదని చెప్పగలగడం. చేసిన పని కొలతలు రాసే ఎం బుక్‌లో చేయని పని రాయమని కాంట్రాక్టర్ ఒత్తిడి చేస్తాడు, పైనుంచి ఫోను వస్తుంది, పక్కనున్నవాళ్లు "ఇదంతా మామూలే" అంటారు. ఇరవై మూడేళ్ల కుర్రాడికి ఆ గదిలో ఏ మాట మాట్లాడాలో ఎవరూ నేర్పలేదు. గొంతు పెంచకుండా, ఎవరినీ అవమానించకుండా, "కొలిచినంతే రాస్తాను సార్, రేపు మీరూ రండి, కలిసి మళ్లీ కొలుద్దాం" అనే వాక్యాన్ని క్లాసులో పదిసార్లు పలికించండి. నోటికి అలవాటైన మాటే కష్టమొచ్చినప్పుడు బయటికి వస్తుంది. ఆడపిల్లలకు ఈ సాధన ఇంకా ఎక్కువ చేయించండి, సైటులో వాళ్ల మాటను పక్కన పెట్టేసే అలవాటు ఇంకా పోలేదు.

మార్కుల సంగతి. ధారాళంగా మాట్లాడినందుకు మార్కులు వేయకండి. విన్నవాళ్లకు ఏం అర్థమైందో దానికి వేయండి. మీ హాస్టల్ వంటమనిషి, కాలేజీ వాచ్‌మన్, బస్సు డ్రైవర్లలో చాలామంది రైతు కుటుంబాలవాళ్లే అయి ఉంటారు. వాళ్ల అనుమతితో, వాళ్ల సమయానికి తగిన గౌరవమిచ్చి, శ్రోతలుగా కూర్చోబెట్టండి. విద్యార్థి చెప్పి వెళ్లాక మీరు వాళ్లను "ఏం చెప్పాడు?" అని అడగండి. వాళ్లు తిరిగి చెప్పింది సరిగ్గా ఉంటే సగం మార్కులు. ముందు అడిగి తర్వాత మాట్లాడాడా, అంకె తప్పు లేకుండా చెప్పాడా, మళ్లీ ఎప్పుడు వస్తాడో చెప్పాడా అన్నవాటికి మిగతా సగం. యాజమాన్యం అభ్యంతరం చెబితే, ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) గుర్తింపు కోసం మీరు నింపే ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్‌లో కమ్యూనికేషన్, బృందంగా పనిచేయడం, నైతికత ఎప్పటినుంచో ఉన్నాయని చూపించండి. ఈ మార్కుల షీట్లే వాటికి ఆధారంగా పెట్టుకోవచ్చు.

మొదటి క్షేత్ర పర్యటన కాలువలో నీళ్లు పారుతున్నప్పుడే పెట్టుకోండి, ఎండిన కాలువ దగ్గర మాట్లాడే మనుషులు దొరకరు. కేసీ కాలువ మీ ఊరి మధ్యలోంచే పోతుంది కాబట్టి బస్సు ఖర్చు పెద్దగా ఉండదు, కానీ వీలైతే దిగువన ఒక డిస్ట్రిబ్యూటరీ చివరికి వెళ్లండి. ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారి ఆఫీసుకు ముందుగా లెటర్ పెట్టి అనుమతి తీసుకోండి, సాగునీటి సంఘం వాళ్లకు రెండు రోజుల ముందు చెప్పండి. ఒక్కో తూము దగ్గరకు నలుగురైదుగురికి మించి పంపకండి, గుంపుగా వెళితే రైతులు అర్జీ ఇవ్వడానికి వస్తారు గానీ మాట్లాడరు. లైనింగ్ పాచి పట్టి జారుతుంది, పిల్లల్ని నీళ్ల దగ్గరకు దిగనివ్వకండి. వాళ్లు అడగబోయే ప్రశ్నల కాగితం ముందే తయారు చేయించి ఇక్కడ పెట్టండి, చూసి ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో చెబుతాను.